సారంగధరుని యాట

అరకులోయలో వానకాలము ప్రవేశించినది మొదలు మధ్యాహ్నము మూడుగంటలకే పొగమంచు దిగును. ఎదుటి కొండ, కాఫీమొక్కలకు నీడనిచ్చు సిల్వరు ఓకు చెట్లు, తుదకు మా పెరటిగోడయు కానరావు. మావారు ఉపాధ్యాయులు. బడి విడిచిన పిమ్మట తొమ్మిదవ తరగతి బాలబాలికలు ఏడుగురు దీపములు పెట్టువేళవఱకు మా వసారాలో కూర్చుండి చదువుకొందురు. ఇంట నొకభాష, సంతలో నొకభాష, బడిలో నొకభాష మాటలాడు బిడ్డలగుటచే కాబోలు, కథ చెప్పునపుడు ఒక్కమాట తప్పినను వీరు పట్టుకొందురు. గడచిన ఆషాఢమున వీరు మమ్ము ఒక "దయ్యాల ఆట" కంప్యూటరులో చేసిపెట్టుమని వేధింపసాగిరి.

ఆటయనగా తుపాకి కాల్చుటయో, బండి పరుగెత్తించుటయో యని మేము తలచితిమి. అది కాదట. కథ కొంత నడచి ఆగును, "ఇప్పుడు నీవేమి చేయుదువు?" అని యడిగి రెండు మూడు త్రోవలు చూపును, ఆడువాడు దేని నెన్నుకొనునో కథ యటు సాగును. పాశ్చాత్యదేశములలో ఎడ్వర్డు పాకర్డు అను నాతడు 1979 లో వ్రాసిన 'ది కేవ్ ఆఫ్ టైం' అను పుస్తకముతో ఈ తీరు కథలు పిల్లలలో మిక్కిలి వ్యాపించినవి. 2019 లో వెలువడిన 'ఎల్సినోర్' అను ఆటలో, హామ్లెట్టు నాటకమందలి ఒఫీలియా నాలుగుదినములను మరల మరల గడపుచు, రానున్న చావులను తప్పింప యత్నించుచుండును. ఈ సంగతి మావారు చెప్పగా విని, మనకు మాత్రము విషాదకథలకు కొదువయా యని మాకు పౌరుషము కలిగినది.

నిజమునకు ఈ పద్ధతి మనకు బొత్తిగా క్రొత్త కాదు. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేయుట, రాజు నోరు విప్పగనే శవము చెట్టెక్కుట మన మెఱుగుదుము. వైకుంఠపాళిలో పెద్దపాము నోట పడనివా రెవరు? పింగళి సూరన రాఘవపాండవీయమున ఒక్క పద్యమునుండి రెండు కథలను నడపెను. అయితే అందు త్రోవ లేర్పఱచినవాడు కవి. మన కెన్నుకొను పని లేదు.

మాతండ్రిగారు మాకు ఇంటనే చెప్పిన కావ్యములలో చేమకూర వేంకటకవి సారంగధరచరిత్ర మొకటి. ఆడపిల్ల కీ కథ యెందులకని మా నాయనమ్మ గొణుగుచుండెడిది. కథ మీ రెఱిగినదే. రాజకుమారుని పావురము సవతితల్లి చిత్రాంగి మేడపై వ్రాలినది. మంత్రికుమారుడు వలదన్నను ఆతడు లోనికేగెను. ఆమె కోరిక కాదని వచ్చెను. ఆమె నింద మోపెను. రాజరాజనరేంద్రుడు కుమారుని కాలుసేతులు నఱికింపుమనెను. ఒక సిద్ధుడు వచ్చి మరల అవయవముల నిచ్చుటతో ప్రాతకథలు ముగియును. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు (1853-1912) ఆ మంగళాంతమును విడిచి 'విషాదసారంగధర' వ్రాసి, తెనుగు రంగస్థలమునకు విషాదాంతనాటకమును తెచ్చిరి. చరిత్రమందలి రాజరాజు నన్నయభట్టుచే భారతము వ్రాయించిన ప్రభువు. ఈ నింద ఆయన నెట్లంటుకొన్నదో కాని, రాజమహేంద్రవరమున సారంగధరమెట్ట నేటికిని ఆ పేరనే యున్నది. పిల్లల ముందు చిత్రాంగి మోహమును వర్ణింపవలసివచ్చునేమోయని జంకితిమి. "నింద మోపెను" అనుటతో సరిపెట్టితిమి. ఏమి నింద యని వారడుగలేదు. వారికి తెలియని దేమున్నది!

2009 లో వెలువడిన 'ట్వైన్' అను ఉచితసాధనము మాకు తోడ్పడినది. కథలోని ప్రతిఘట్టము నొక పెట్టెలో వ్రాసి, ఒక మాటను జంట చదరపు కుండలీకరణములలో నుంచినచో ఆ మాట మఱియొక పెట్టెకు ద్వారమగును. పని ముగిసిన పిదప అంతయు ఒక్క ఫైలై, ఇంటర్నెట్టు లేకున్నను తెఱచుకొనును. మా కొండలలో నిది చిన్న మేలు కాదు. ప్రతిచోట రెండేసి త్రోవలు పెట్టుచు పోయినచో పదియవ మలుపునకు 1,024 ముగింపులగునని మావారు లెక్కవేసి చూపిరి. వంటయిల్లు విడిచి సన్న్యసించినను అన్ని వ్రాయలేము. అందుచే విడిపోయిన త్రోవలను మరల కలిపి, ఆడువాడు పూర్వము చేసిన పనిని మాత్రము ఆట గుర్తుంచుకొనునట్లు చేసితిమి. తుదకు నలుబదిమూడు పెట్టెలు, ఆఱు ముగింపులు నిలిచినవి.

భయానకరసమున కని మొదట తలలేని మొండెమును, మఱ్ఱిచెట్టుపై మోహినిని తెచ్చితిమి. పిల్లలు పకపక నవ్విరి. బొఱ్ఱాగుహలకు నడిచిపోయి, కిరండోలు రైలులో సొరంగము వెంట సొరంగము చీకటిలో కేకలువేయు పిల్లలు మా మోహినికి బెదరుదురా! వారు నిజముగా బెదరినది వేఱొక చోట. రాజకుమారుడు మేడలోనికి పోయినపిదప వెనుక తలుపు గడియ పడును. ఎవరు వేసిరో చెప్పము. పావురము ఱెక్కల చప్పుడు మాత్రము పైకప్పు క్రింద వినవచ్చుచుండును. ఆచోట వసారాలో ఎవరును మాటాడలేదు.

ఒక బాలిక మొదటి మలుపులోనే మమ్ము చిక్కుపఱచినది. "అమ్మగారూ, పావురం పోతే పోనీండి. చీకటి పడితే అదే వస్తుంది. ఆయన ఎందుకు వెళ్ళాలి?" పోకుండుటకు త్రోవ యిచ్చితిమి. ఏడుగురును ఆ త్రోవనే పోయి మూడు నిముషములలో క్షేమముగ నిల్లు చేరిరి, ఆట చచ్చినది. ఏ త్రోవ పోయినను మేడలోనికే చేర్చితిమి. "ఇది మోసము" అని యలిగిరి. ఆ యలుక న్యాయమే. అన్ని తలుపులును ఒకే గదిలోనికి తెఱచునపుడు అడుగుట యెందులకు?

పదిదినములు పని సాగలేదు. పిమ్మట ఆడువానిని సారంగధరుని స్థానమునుండి లేపి రాజు గద్దెపై కూర్చుండబెట్టితిమి. వేటనుండి అలసివచ్చిన రాజునకు చిత్రాంగి చిరిగిన చీర చూపి యేడ్చును. మూడు త్రోవలు: శిక్ష వేయుము, కుమారుని వెడలగొట్టుము, ఱేపటివఱకు ఆగుము. కథ యెఱిగిన పిల్లలే, ఐదుగురు వెంటనే శిక్ష వేసిరి! అడుగగా, ఆగినచో ఏమియు జరుగదని తోచినదట. ఆ మాట విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

రెండేండ్ల క్రిందట బడిలో విహారయాత్రకై పిల్లలు కూర్చిన రూపాయలు 1,140 కానరాకపోయినవి. ఆనాడు మావారికి అన్నపుగిన్నె ఇచ్చుటకు పోయిన మేము, ఒక బాలుడు అలమారు ప్రక్క నిలిచియుండుట చూచితిమి. చూచినది చెప్పితిమి. అబద్ధ మాడలేదు, కాని చెప్పిన గొంతులో సందేహమును లేదు. పెద్దలు కూర్చుండి ఆ సాయంకాలమే బాలుని కొండపై వానియూరికి పంపివేసిరి, మావారును కాదనలేదు. శుక్రవారము పంపిరి, సోమవారము హాజరుపట్టీ మార్చుచుండగా ప్రాతపట్టీ అట్టలోనుండి ఆ నోట్లు జాఱిపడినవి. మే మిరువురము రెండుసార్లు ఆ యూరు పోయితిమి. మొదటిసారి తండ్రి పొలమునుండి వచ్చి మాకు నీళ్లిచ్చెను, ఒక్కమాట అనలేదు. రెండవసారికి బాలుడు మేనమామ వెంట విశాఖపట్టణము కూలికి పోయియుండెను. మరల బడికి రాలేదు.

మఱునాడు వసారాలో పిల్లలకు ఈ సంగతి చెప్పితిమి. పేరు చెప్పలేదు. చెప్పనక్కఱ లేకపోయెను. పావురమునుగూర్చి యడిగిన బాలికది ఆ యూరే. "వాడు సుద్దముక్క కోసం వెళ్ళాడు, అమ్మగారూ. మాకందరికీ తెలుసు. మీరు ఎవరూ అడగలేదు కదా" అన్నది. నిష్ఠురముగా కాదు, లెక్కలో తప్పు చూపినట్లు.

మావారు లోపలికి పోయి చాలసేపు రాలేదు.

ఆగుట చాలదని అప్పుడు తెలిసినది. రాజునకు నాలుగవత్రోవ చేర్చితిమి: కుమారుని పిలిపించి అడుగుము. అట సారంగధరు డేమి చెప్పునో వ్రాయబోయి, మా కలము దానికి తగదని మానితిమి. ఆ పెట్టె నింపు పనిని బాలికకే అప్పగించితిమి. అర్ధసంవత్సరపరీక్షలు కానిండు, పిమ్మట వ్రాసెద నన్నది.