పై యధికారి నడుగువా రెవరు?

నిజాము కాలమున నల్లగొండ, మహబూబునగరు పల్లెలలో ఠాణా యధికారిని అమీనుసాబని పిలిచెడివారు. అమీనుసాబు వలన నన్యాయము జరిగిన, ఎవరితో చెప్పుకొనవలెనో మా పెద్దలకు తెలియదు. 1948లో ఆ రాజ్యము పోయినది. 1950లో రాజ్యాంగము వచ్చినది. ఠాణాలోని చిన్న యుద్యోగిపై ఫిర్యాదు చేయు ధైర్యము జనులకు కొంత కలిగినది. కాని పై యధికారిని ప్రశ్నించు నలవాటు మనకింకను పట్టువడలేదు.

మా ప్రాంతమే యిందుకు దృష్టాంతము. 2015 ఏప్రిలు 7వ తేదీని వరంగల్లు చెరసాలనుండి హైదరాబాదు న్యాయస్థానమునకు తీసికొనిపోబడుచున్న యైదుగురు ఖైదీలు, నాటి నల్లగొండ జిల్లాలోని ఆలేరు చేరువ, పోలీసుబండిలోనే కాల్పులకు గురియై మరణించిరి. వారి చేతులకు బేడీలుండెను. తమ తుపాకులు లాగుకొనబోయిరని పోలీసులు చెప్పిరి. 2019 నవంబరులో శంషాబాదు దగ్గర నొక పశువైద్యురాలు ఘోరముగా హతురాలయ్యెను. డిసెంబరు 6 తెల్లవారుజామున, 2016 వఱకు మహబూబునగరు జిల్లాలో నుండిన షాదునగరు సమీపమున, చటాన్‌పల్లి కడ నలుగురు నిందితులు పోలీసు కాల్పులలో చనిపోయిరి. అప్పుడును చెప్పినది తుపాకుల మాటయే. జనులు పోలీసులపై పూలు చల్లిరి.

ఆనాడు మా యింట పెద్ద వాదము జరిగెను. "అన్నా, నా బిడ్డ చీకటివేళ ఇల్లు చేరువఱకు నా ప్రాణము నిలువదు, వారు చచ్చిన నాకేమి?" అని మా చెల్లెలనెను. ఆ తల్లి భయము నిజమైనదే. దానిని తేలికచేయ మాకు మనసొప్పలేదు. "చెల్లీ, ఆ నలుగురే దోషులని మనకు చెప్పినదెవరు? కాల్చినవారే గదా! రేపు నీ బిడ్డయే ఫిర్యాదుతో ఠాణాకు పోయినప్పుడు కంచెయే చేను మేసిన, ఎవరి నడుగుదువు?" అంటిమి. ఆమె యూరకుండెను, సమ్మతించినదని మేము చెప్పజాలము.

సుప్రీముకోర్టు నియమించిన సిర్పూర్కరు కమిషను నివేదిక 2022 మేలో వెల్లడియైనది. చంపవలెనను తలంపుతోనే కాల్చిరనియు, మృతులలో ముగ్గురు మైనరులనియు, పదిమంది పోలీసులను హత్యానేరముపై విచారింపవలెననియు అది చెప్పినది. 2024లో హైకోర్టు ఆ సిఫారసులపై చర్యను తాత్కాలికముగా నిలిపినది. ఘటన జరిగిననాడే ఆత్మరక్షణకై కాల్చితిమని పత్రికలవారికి చెప్పిన పోలీసు కమిషనరును కమిషను సాక్షిగా విచారించినది. ఆ పదిమందిలో నాయన లేడు. ఆయన దోషియని మేమనుట లేదు. అది మేము తేల్చదగినది కాదు. విచారణ జరుగకమునుపే లోకమునకు చాటిన మాటకు పై యధికారి యెట్లు జవాబుదారి యగునని మాత్రమే మా ప్రశ్న.

2014లో సుప్రీముకోర్టు, ఇట్టి మరణములపై దర్యాప్తు కాల్పులు జరిపిన బృందనాయకునికంటె కనీస మొక మెట్టు పైవాని పర్యవేక్షణలో జరుగవలెనని విధించినది. మంచి నియమమే. కాని మెట్లెక్కిన కొలది పై మెట్లు తఱుగును. కట్టకడపటి మెట్టుమీదివానికి పైన శాఖలో నెవ్వరును లేరు. కావుననే ఆ విచారణ శాఖ వెలుపల నుండవలెను. ఈ సంగతి యెఱిగి న్యాయస్థానపు తలుపు తట్టినది పోలీసు పెద్దయే యగుట గమనింపదగినది. ఉత్తరప్రదేశమున పోలీసు శాఖకు అధిపతిగా నుండిన ప్రకాశసింగు వేసిన వ్యాజ్యములో, 2006 సెప్టెంబరు 22న సుప్రీముకోర్టు తీర్పుచెప్పుచు, ఎస్పీయు నంతకు పైవారును చేసిన దుష్కృత్యములపై ఫిర్యాదులు వినుటకు విశ్రాంత న్యాయమూర్తి యధ్యక్షతను ప్రతి రాష్ట్రమున నొక సంస్థ యుండవలెనని యాజ్ఞాపించినది.

ఆజ్ఞ కాగితముపై నున్నంతమాత్రమున చాలదు. ఓటు కోరి మన గడపకు వచ్చువారిని మూడు ప్రశ్న లడుగుదము: ఆ సంస్థకు పోలీసు శాఖతో సంబంధము లేని దర్యాప్తుదారులు కలరా? దాని నిర్ణయము ప్రభుత్వమునకు శిరోధార్యమగునా? ఏటేట దాని నివేదిక ప్రజలకు చూపబడునా? ఆడుబిడ్డల రక్షణ కోరు తల్లులు ముందుగా నడుగవలసిన ప్రశ్నలివి.