ఇడ్లీ రేకులో పిన్నులు

మా పెరటి గోడ నిజానికి గోడ కాదు, చెక్క కంచె. డల్లాస్‌కి ఉత్తరాన కొత్తగా లేచిన కాలనీల్లో అందరి పెరళ్ళకీ ఇవే: ఆరడుగుల పలకలు, మధ్యలో వేలు దూరేంత సందు. అవతలి మనిషి మొహం చూస్తూ మాట్లాడాలంటే నేను గోంగూర మడి పక్కన బోర్లించిన పెయింటు బకెట్టు ఎక్కాలి. అవతలి అబ్బాయికి ఆ అవస్థ లేదు, తాటిచెట్టంత మనిషి. మొన్న శనివారం పొద్దున గోంగూర తుంచుతుంటే కంచె మీద తల మొలిచింది.

“అక్కా, కొనేశా!”

“ఏం కొన్నావ్, మళ్ళీ కారా?”

“కాదక్కా, మీ దగ్గర ఉందే... టెన్ ట్వంటీటూ.”

గోంగూర పక్కన పడేసి బకెట్టెక్కాను.

అబ్బాయిది తెనాలి. కిందటేడే గ్రీన్ కార్డు వచ్చింది. హెచ్1బీ మీద ఉన్నన్నాళ్ళూ, వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఏదో ఒకటి ఉంటే తప్ప, ఇక్కడ తుపాకీ కొననివ్వరు. కార్డు చేతికి రాగానే కొట్టుకెళ్ళి, 4473 ఫారం నింపి, తనిఖీ అయ్యేదాకా కౌంటరు దగ్గర గోళ్ళు కొరుక్కుంటూ నిలబడి తెచ్చుకున్నాడట. నా దగ్గరికే ఎందుకొచ్చాడంటే, అదే రకం రైఫిలు మా ఇంట్లో ఆరేళ్ళుగా ఉంది. పైగా నేను గుంటూరులో చదివే రోజుల్లో ఎన్‌సీసీ. ఖాకీ బట్టల్లో మట్టి మీద బోర్లా పడుకుని .22 రైఫిలు కాల్చినదాన్నని ఈ వీధిలో అందరికీ ఒకటికి రెండుసార్లు చెప్పుకున్నాను.

ఈ టెన్ ట్వంటీటూ అనేది రూగర్ వాళ్ళు 1964 నుంచి చేస్తున్న సెమీ ఆటోమేటిక్. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకటే పేలుతుంది. కాకపోతే ఖాళీ షెల్లు బయటికి విసిరేసి, తరవాతి తూటా తనే ఎక్కించుకుంటుంది. పది తూటాల మేగజైను, రెండుంపావు కిలోల బరువు. ఇక్కడి తాతలు మనవలకి మొదటగా కొనిపెట్టే రకం. టిన్ను డబ్బాలూ, కాగితం గుండ్రాలూ కొట్టుకోటానికి ఇంతకు మించింది అక్కర్లేదు.

“చూడక్కా, ఇవన్నీ ఆర్డర్ పెడుతున్నా” అని ఫోను కంచె మీంచి చాచాడు. లావు బ్యారెల్, కొత్త ట్రిగ్గర్, బొటనవేలు దూరే కంత ఉన్న కర్ర స్టాకు, పొడుగు మేగజైన్ మీట, ఇంకో స్కోపు. తుపాకీ మూడొందల చిల్లర, తగిలించేవి ఆరొందలు. పావలా కోడికి ముప్పావలా మసాలా.

“ఇంతకీ కాల్చావా?”

“ఒక్క డబ్బా. యాభై.”

“ఎట్లా పడుతున్నాయి?”

“చెదిరిపోతున్నాయక్కా. పాతిక గజాల్లోనే అరచేయంత. అందుకే బ్యారెల్ మారుద్దామని...”

“స్కోపు కింద మరలు చూశావా?”

చూడలేదు. నాకు తెలుసు, చూసి ఉండడు. ఈ రైఫిలుతో పాటే స్కోపు బిగించుకునే పట్టీ పెట్టెలో వస్తుంది. దాన్ని నాలుగు చిన్న మరలతో మనమే బిగించుకోవాలి. కొత్తలో నేనూ చేతి బిగింపుతో సరిపెట్టాను. మూడు వారాలు వరసగా రేంజికెళ్ళి, తూటాల్ని తిట్టి, గాలిని తిట్టి, చివరికి కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాను. ఓ రోజు స్కోపు పట్టుకుని తుపాకీ ఎత్తితే చేతిలో సన్నగా కదిలింది. వంటింట్లో కుక్కర్ పిడి కదిలినట్టు. మరల నూనె తుడిచి, లోక్‌టైట్ జిగురు నీలం రకం ఒక్క చుక్క వేసి బిగించాక కళ్ళ జబ్బు దానంతటదే నయమైంది. బిగించమన్నానని బలం చూపించకూడదు, ఆ పట్టీ కూర్చునే రిసీవర్ అల్యూమినియం. మరపుళ్ళు పాడైతే ఏడవాల్సిందే.

“సరే అక్కా. మరి శుభ్రం ఎట్లా చెయ్యాలి? ఇప్పుడే చూపించవూ?”

తూటాలు లోపల అలమర్లో పెట్టి తాళమేసి, తుపాకీ ఒక్కటే తెమ్మన్నాను. తెచ్చి వాళ్ళ వసారాలో బల్ల మీద పెట్టాడు, మూతి మా వైపు కాకుండా వాళ్ళ ఇటుక గోడ వైపు. ఆ మాత్రం బుద్ధి ఉన్నందుకు సంతోషించాను. మేగజైను తీయించాను. బోల్టు వెనక్కి లాగి చాంబర్‌లోకి తొంగి చూడమన్నాను, చూశాక చిటికెన వేలు కూడా పెట్టి తడమమన్నాను. “కనబడుతోందిగా అక్కా, ఖాళీయే.” ఎన్‌సీసీలో మా హవల్దారుగారు “ఖాలీ కర్” అని అరిచాక కళ్ళతో మాత్రమే చూస్తే ఒప్పుకునేవారు కాదు. ఆయన అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది కాబట్టి ఈ అబ్బాయి మీద నేనూ అరిచాను.

“ఇప్పుడు లోపలికెళ్ళి పాత ఇడ్లీ రేకు ఒకటి పట్రా.”

“ఇడ్లీ రేకా?”

అదే కిటుకు. విప్పిన ప్రతి ముక్కా వరసగా ఒక్కో గుంటలో వెయ్యాలి, బిగించేటప్పుడు వెనక నుంచి ముందుకి తీసుకోవాలి. ఈ రైఫిలులో పిన్నులు బిగువుగా ఉండవు, రిసీవర్ కాస్త వాలిస్తే వాటంతటవే జారి పడతాయి. బల్ల మీంచి దొర్లి పచ్చికలో పడ్డ పిన్ను కోసం నేనూ మావారూ టార్చిలైటుతో మోకాళ్ళ మీద వెతికిన రాత్రి ఒకటుంది. ఒక్క షరతు: ఆ రేకు మళ్ళీ వంటింటి మొహం చూడకూడదు. .22 గుండు సీసం, లోపల అంటుకునే మసిలోనూ సీసం ఉంటుంది.

బ్యారెల్ మీద బ్యాండు మర వదులు చేయించాను. కర్ర కింద పెద్ద మర తీయించాను. ఇక రిసీవర్‌ని కర్రలోంచి లేపబోతే రాదు. “ఇరుక్కుందక్కా” అని గుంజుతున్నాడు. సేఫ్టీ బొత్తం అటో ఇటో ఉంటే కర్రకి తట్టుకుంటుంది, సరిగ్గా మధ్యకి నెట్టాలి. నెట్టగానే కుక్కర్ మూతలా లేచొచ్చింది. రెండు పిన్నులు తోస్తే ట్రిగ్గర్ పెట్టె మొత్తం ఒక్క ముక్కగా చేతిలోకి వస్తుంది. వెనకాల లావుపాటి పిన్ను ఒకటి, బోల్టు వెనక్కొచ్చి ఢీకొట్టేది దాన్నే. అది తీసి, తిరగేసి, పిడి వెనక్కి లాగి పట్టుకుని బోల్టు పైకి లేపాలి. ఇక్కడ ఒక చెయ్యి తక్కువైనట్టు ఉంటుంది అందరికీ. అబ్బాయి నాలిక బయటపెట్టి, పళ్ళు బిగించి, మూడోసారికి లేపాడు.

బోల్టు మొహం నల్లగా ఉంది. యాభై తూటాలకే. “కొత్తది కదక్కా!” .22 జాతే అంత, మైనం పూసిన సీసం గుండు, చౌక మందు. మూకుడు అడుగున మాడిన పోపులా పేరుకుంటుంది. పాత టూత్‌బ్రష్, కాస్త సాల్వెంటు, గుడ్డపీలిక చాలు. షెల్లుని పట్టి లాగే కొక్కెం కింద మాత్రం పుల్లతో తీయాలి. తుపాకీ ఆగిపోయిందని జనం మొత్తుకునేది చాలామటుకు అక్కడి మసి వల్లే.

“నూనె?” అని ఏదో సీసా ఎత్తాడు, అభిషేకం చేసేలా ఉన్నాడు.

“ఆగు! ఒక్క చుక్క. బోల్టు జారే రెండంచులకీ వేలితో రాయి, మెరిస్తే చాలు.”

మొదటి వేసవిలో నేను దండిగా పోశాను. టెక్సస్ దుమ్ము అందులో కలిసి కాటుకలా తయారైంది, రేంజిలో ప్రతి మూడో తూటా ఇరుక్కుంది. పక్కన నిలబడ్డ ముసలాయన, తలకి పెద్ద టోపీ, ఏమీ అనకుండా జేబురుమాలు తీసిచ్చాడు. ఆ సిగ్గు ఇంకా ఉంది నాకు.

బ్యారెల్ దగ్గరికొస్తే అబ్బాయి పొడుగాటి ఇనుప కడ్డీ తీశాడు. దాన్ని పక్కన పెట్టించాను. ఈ రైఫిలు రిసీవర్ వెనక మూసుకుని ఉంటుంది, కడ్డీ దూర్చాలంటే మూతి వైపు నుంచే దూర్చాలి. మూతి అంచు మీద చిన్న గీత పడినా గుండు బయటికొచ్చే ఆఖరి క్షణంలో ఓ పక్కకి తోపు తింటుంది. కాల్చి బ్యారెల్ పాడుచేసుకున్న వాళ్ళకంటే తోమి పాడుచేసుకున్న వాళ్ళే ఎక్కువని ఇక్కడి పాతకాపులు ఊరికే అనరు. దానికి బదులు తాడులాంటి బోర్‌స్నేక్ ఉంటుంది: చాంబర్ వైపు నుంచి బరువు జారవిడిచి మూతిలోంచి ఒక్క లాగు. మొదటిసారి అది కొన్నప్పుడు నవ్వొచ్చింది. గుంటూరులో ఇదే పని పుల్‌త్రూ తాడుకి చిందీ, అంటే గుడ్డపీలిక, కట్టి చేసేవాళ్ళం. చిందీ మరీ లావుగా చుడితే మధ్యలో ఇరుక్కునేది, ఇక హవల్దారుగారి నోట్లోంచి వచ్చే హిందీ మా పాఠ్యపుస్తకంలో ఉండేది కాదు.

మేగజైను జోలికి మాత్రం పోవద్దన్నాను. అప్పటికే అతని చేతిలో దాని మర సగం తిరిగి ఉంది. అందులో తూటాల్ని తిప్పే చక్రం, దానికి చుట్టిన స్ప్రింగు. మర పూర్తిగా వస్తే స్ప్రింగు బిగువు సర్రున జారిపోతుంది. మళ్ళీ ఎన్ని చుట్లు చుట్టాలో తెలీక నేను నాలుగు రోజులు కుస్తీ పట్టి, ఆఖరికి ఇంకోటి కొన్నాను.

ఇక ఆ ఆరొందల డాలర్ల జాబితా. అన్నీ దండగ అంటే అబద్ధమవుతుంది. వెనక ఇనుప పిన్ను బదులు ప్లాస్టిక్ లాంటి బఫర్ వేసుకుంటే బోల్టు ఠంగుమనే చప్పుడు మెత్తబడుతుంది, పది డాలర్ల పని. పొడుగు మేగజైన్ మీట మంచిదే, చిన్నదానితో నా బొటనవేలి గోరు విరిగింది. ట్రిగ్గర్ మారిస్తే తేడా చేతికి వెంటనే తెలుస్తుంది: తుపాకీతో వచ్చేది ఆరు పౌండ్లదాకా బిగువు, రూగర్ వాళ్ళే విడిగా అమ్మే బీఎక్స్ ట్రిగ్గర్‌తో అది సగానికి సగం దిగుతుంది. పూర్తి పెట్టె మార్చాలి గానీ, లోపలి ముక్కల్ని ఆకురాయితో అరగదీసి తేలిక చేస్తానంటే మాత్రం కంచె దూకొచ్చి చెయ్యి విరుస్తానన్నాను. సన్నగా అరిగిన ట్రిగ్గర్ కొక్కెం ఎప్పుడైనా జారొచ్చు, ఎవరికీ చెప్పి జారదు.

బ్యారెల్? దానికింకా రోజులున్నాయి. ముందు నాలుగైదు రకాల తూటాలు చిన్న డబ్బాలుగా కొనుక్కుని, ఒక్కో రకం ఐదేసి చొప్పున, సంచి మీద ఆనించి కాల్చమన్నాను. ఒక్కో బ్యారెల్‌కి ఒక్కో తూటా పడుతుంది, చంటిపిల్లకి పాలపొడి పడ్డట్టు. మా దానికి సెకనుకి 1070 అడుగులు పోయే 40 గ్రెయిన్ల నెమ్మది రకం నచ్చింది, ధ్వని వేగం కంటే తక్కువ. కొత్త స్ప్రింగుకి ఆ నెమ్మది తూటాతో బోల్టు పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు, మొదట్లో వేగం రకం వాడి వదులవనివ్వాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన స్వప్నిల్ కుసాలే కంచు పతకం తెచ్చింది 50 మీటర్ల రైఫిల్లో, అక్కడ కాల్చేదీ ఈ .22 తూటానే. ఆ స్థాయి వాళ్ళు తూటాల్ని తయారీ బ్యాచ్ వారీగా పరీక్షించి ఏరుకుంటారు. మనం రకమైనా చూసుకోవద్దూ?

“అయితే కార్ట్‌లో ఏం ఉంచను?”

“బఫర్ ఉంచు, మీట ఉంచు. స్కోపు తీసెయ్. మిగిలింది పెట్టి తాళం పెట్టె కొను, చెవులకి మంచి మఫ్స్ కొను.”

వాళ్ళ పెద్దాడికి ఏడేళ్ళు. నిర్లక్ష్యంగా వదిలేసిన నిండు తుపాకీ 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి చిక్కితే టెక్సస్‌లో నేరం. ఆ మాట చెబుతుంటే అబ్బాయి మొదటిసారి ఫోను జేబులో పెట్టి విన్నాడు.

బిగించటం విప్పటంకంటే తొందరగా అయింది, ఇడ్లీ రేకు పుణ్యమాని. ట్రిగ్గర్ పెట్టె ఎక్కించేముందు అందులోని సుత్తి (హ్యామర్) వెనక్కి నొక్కి ఉంచమని గుర్తుచేయాల్సొచ్చింది, అంతే. గుంటలన్నీ ఖాళీ అయ్యాయి. బోల్టు రెండుసార్లు లాగి వదిలాడు, పళ్ళికిలించాడు. సబ్బుతో చేతులు కడుక్కోమని చెప్పి బకెట్టు దిగి గోంగూర ఏరుకున్నాను.

సాయంత్రం పప్పు కుక్కర్లో ఉండగా కంచె సందులోంచి వాళ్ళావిడ గొంతు.

“అక్కా, మీరేమైనా ఇడ్లీ పాత్ర పట్టుకెళ్ళారా? నాలుగు రేకులుండాలి, మూడే ఉన్నాయి. మా ఆయన్నడిగితే మిమ్మల్నడగమంటున్నారు.”