ఊరికే పాడుకునే గంట

మా అమ్మాయికి ఇంటివద్దనే చదువు చెప్పాలని నిశ్చయించుకున్ననాడు మొదట వ్రాసుకున్నది దినచర్య. ఉదయం గణితం, పిదప తెలుగు, ఇంగ్లీషు, భోజనానంతరం విజ్ఞానశాస్త్రం. సంగీతానికీ చిత్రలేఖనానికీ ఎదురుగా "సమయం మిగిలితే" అని వ్రాశాను. ఆరు నెలలపాటు ఆ సమయం ఒక్కనాడూ మిగలలేదు.

అది తప్పని తోచి ఒక ఉపాయం పన్నాను. కళలను గణితంలోనే కలిపివేస్తే రెండూ నెరవేరుతాయి కదా! మా అమ్మ వాకిట్లో ఏడు చుక్కల ముగ్గు పెడుతుంటే, నాలుగు వచ్చేవరకు సందుచుక్కలు పెడితే మొత్తం ఎన్నని పిల్లను అడిగేవాణ్ణి. నడుమ వరుస 7, ఇరువైపులా 6, 5, 4, వెరసి 37. పొరుగింటి పెద్దావిడ నేర్పిన సరళీ స్వరాలను మూడు కాలాల్లోనూ పాడించి, ఆదితాళం ఒక ఆవర్తనంలో మొదటి కాలాన 8 స్వరాలు, రెండవ కాలాన 16, మూడవ కాలాన 32 ఎలా ఇముడుతాయో చూపి, భిన్నాలు నేర్పాను. పిల్ల చకచకా అందుకున్నది. నేను మురిసిపోయాను.

ఒకనాటి సాయంకాలం తను వచ్చి, "నాన్నా, ఇవాళ నన్నేమీ అడక్కుండా ఉంటావా? ఊరికే పాడుకుంటాను" అన్నది.

అప్పుడు గాని స్ఫురించలేదు, ఇంట్లో ఆ పిల్ల కూనిరాగం వినబడక ఎన్నాళ్ళయిందో.

అయినా అలవాటు అంత తేలికగా పోదు. తరువాత శ్రీకాళహస్తి వెళ్ళి కలంకారీ పని చూశాము. ఇనుపముక్కలు, బెల్లం నీళ్ళలో ఊరవేసిన కసిమి, కరక్కాయ పట్టించిన బట్టమీద పడి నల్లబడుతుంటే, అందులోని రసాయనశాస్త్రం వివరించబోయాను. పిల్ల వినడం లేదు. వెదురు కలానికి చుట్టిన ఉన్నిని చేయి మెల్లగా నొక్కినకొద్దీ గీత లావెక్కి, మళ్ళీ సన్నబడడాన్ని కన్నార్పక చూస్తున్నది. ఈసారి నోరు మూసుకున్నాను.

బడి మాన్పించిన తండ్రికి లోపల ఒక భయం ఉంటుంది. గడిచిన ప్రతి గంటకూ ఎవరికో లెక్క చెప్పుకోవాలనిపిస్తుంది. "పిల్ల ఏమి నేర్చుకున్నది?" అని బంధువులు అడుగుతారు, భిన్నాలు చూపవచ్చు, 37 చుక్కలు చూపవచ్చు. ఒక గీతవంక చూస్తూ నిలబడిపోవడాన్ని ఏమని చూపడం? నా భయాన్ని నేను పిల్ల పాటమీద మోపాను. ముగ్గులో గణితం ఉన్నమాట నిజమే. కాని మా అమ్మ ముగ్గు పెట్టేది గణితం కోసం కాదు.

ఇప్పుడు సాయంత్రం ఒక గంట ప్రశ్నలు లేవు. పిల్ల పక్కన నేనూ కాగితం ముందేసుకుని కూర్చుంటాను. నాకు గీత తిన్నగా రాదు. నిన్న నేను వేసిన ఆవును చూసి చాలాసేపు నవ్వింది. ఆ తరువాత తన బొమ్మ వేసుకుంటూ, తనకే తెలియకుండా, మెల్లగా ఏదో పాడుకోసాగింది.

ఏ రాగమని నేను అడగలేదు.