వాన పడే ఊళ్ళో నీళ్ళ లెక్క

ఊరి నించి ఫోన్ చేసినప్పుడల్లా మనవాళ్ళు అడిగేదే: "మలేషియాలో ఏడాదంతా వానలేగా, మీకు నీళ్ళ కరువేంటే?" నేనిక్కడ డయాలసిస్ నర్సుని. నాకు తెలిసిన జవాబు చెప్తాను.

క్లాంగ్ వ్యాలీలో మనం వాడే నీళ్ళలో సగానికి పైగా సుంగై సెలంగోర్ నదివే. కువాలా కుబు భారు కొండల దగ్గర ఆనకట్టలో నీళ్ళు నిలవ చేసి, నది తగ్గినప్పుడు వదులుతారు. దిగువన శుద్ధి కేంద్రాలు తోడుకుంటాయి. కౌలాలంపూర్‌లో కురిసిన వాన కాలవల్లో కొట్టుకుపోవాల్సిందే, ఆ ఆనకట్టకి చేరదు. కొండల్లో కురిస్తేనే అది నిండేది. ఏప్రిల్‌లో, అక్టోబర్-నవంబర్లలో వానలు ఎక్కువ. ఫిబ్రవరిలో, జూన్-జులైలలో తక్కువ. అంటే రాబడి విడతలుగా, ఖర్చు మాత్రం రోజూ. ఆ ఆనకట్టే మన పోపుల డబ్బా అన్నమాట.

2014లో ఆ డబ్బా ఖాళీ అవడం మొదలైంది. వానలు మొహం చాటేశాయి, మట్టం 40 శాతం కిందికి పడింది. ఫిబ్రవరి చివర్లో రేషన్ పెట్టారు: రెండు రోజులు నీళ్ళు, రెండు రోజులు బంద్. ఏప్రిల్ దాకా అదే తంతు.

బట్టలు రేపు ఉతుక్కోవచ్చు. డయాలసిస్ అలా కుదరదు. నాలుగు గంటల విడతకి ఒక్కో మనిషికి సుమారు 120 లీటర్ల శుద్ధమైన నీళ్ళు మెషీన్‌లోంచి పోవాలి. అన్ని నీళ్ళు తీయడానికి ఇంకొన్ని వృథా అవుతాయి కూడా. బాగాన్ దాతోహ్ వైపు నించి వచ్చి స్థిరపడ్డ మన తెలుగు పెద్దాయన ఒకరు, కుర్చీలో కూర్చోగానే "ట్యాంకర్ వచ్చిందామ్మా?" అని అడిగేవారు. వచ్చిందన్నాకే సూదికి చెయ్యి చాపేవారు.

నిలవ ఒక్కటే ఉంటే చాలదండోయ్. 2020 సెప్టెంబర్‌లో సుంగై గోంగ్‌లో కాలుష్యం కలిసి నాలుగు శుద్ధి కేంద్రాలు ఆపేశారు. దాదాపు 12 లక్షల కనెక్షన్లకి నీళ్ళు లేవు. డబ్బాలో డబ్బులుండీ దారిలో దొంగ పడ్డట్టయింది.

అందుకే చెప్తున్నా. కోత ఉందని తెలిస్తే నీళ్ళు పట్టుకోండి, కానీ మూత పెట్టండి. మూత లేని బకెట్ డెంగ్యూ దోమకి పుట్టిల్లు. ఇంట్లోనే పొట్ట డయాలసిస్ చేసుకునేవాళ్ళకి చేతులు కడుక్కునే నీళ్ళు కూడా మందే. మీ ఫ్లాట్లలో అలాంటివాళ్ళు ఎవరున్నారో, కుళాయి వస్తున్న రోజునే కనుక్కోండి.