పళని కొండమీది త్రాటిబండి

మా పొదిలి వైపు మెట్టనేలలలో నూతులు మిక్కిలి లోతు. గిలకమీద నొక చేద దిగుచుండగా మఱియొకటి పైకి వచ్చునట్లు త్రాడు గట్టి నీరు తోడుట మా యత్తగారికి బాల్యమునుండి యలవాటు. తమిళనాట పళనిలో కొండ యెక్కు త్రాటిబండిని జూచి వారు, "ఇది మన నూతిగిలకయే గదా!" యనిరి. ఆ మాట నిజము.

మేము పోయినది వినోదమునకు గాదు. నా పెద్దకుమారునకు పసితనమున విషజ్వరము వచ్చినపుడు, బిడ్డ బ్రతికినచో పళని సుబ్రహ్మణ్యస్వామి మెట్లన్నియు నడచి యెక్కెదనని యత్తగారు మ్రొక్కుకొనిరి. పిల్లవాడు పెద్దవాడయ్యెను, మిరపచేలలో వంగి వంగి వారి మోకాళ్లు చెడినవి. ఒంగోలులో రైలెక్కి, చెన్నపట్టణము, దిండిగల్లు మీదుగా పళని చేరితిమి. దాదాపు 690 మెట్లను క్రిందినుండి చూడగానే వారి ముఖము చిన్నబోయెను.

"బండిలో బోయిన మ్రొక్కు చెల్లునా, అమ్మాయీ?" యని యడిగిరి. నేనేమి చెప్పగలను?

ఈ బండిని అచట వించి యందురు. మొదటిది 1966లో నడువసాగెను. తరువాత మఱి రెండు దారులు వెలసినవి. పెట్టె మెట్లు మెట్లుగా నుండును గావున ఎంత వాలుననున్నను కూర్చున్నవారు వెనుకకు ఒరగరు. పెట్టెలో ఇంజను లేదు. కదలక యొకచోటనుండు యంత్రము ఇనుపత్రాటిని లాగును. త్రాటి యొక కొసన ఎక్కు పెట్టె, రెండవ కొసన దిగు పెట్టె. దిగుదాని బరువు ఎక్కుదానికి సాయపడును గావున యంత్రమునకు శ్రమ తక్కువ. నడుమ పట్టాలు చీలి రెండు పెట్టెలును ఒకదానినొకటి తప్పుకొనును. ఇట్టి యేర్పాటు స్విట్జర్లాండులోని గీస్‌బాఖ్‌లో 1879లోనే చేసిరి. ఆ దేశమునందే దావోసులో 1931లో ఆరంభమైన పార్సెన్ బండి, కాళ్లకు చెక్కలు గట్టుకొని మంచుపై జారి యాడువారిని కొండకు జేర్చును. పాపము, వారు జారి దిగు సంతోషమునకే యెక్కుదురు!

తుదకు అత్తగారే తీర్పు చెప్పుకొనిరి. నా భుజము పట్టుకొని పదునెనిమిది మెట్లెక్కి, కర్పూరము వెలిగించి, మరల దిగివచ్చి బండిలో కూర్చుండిరి. ఎనిమిది నిమిషములలో కొండపై నుంటిమి.

తిరుగు ప్రయాణమున నడిమికి వచ్చునప్పటికి ఎదురుపెట్టెలో నొక ముదుసలి కనబడెను. ఊతకఱ్ఱ యొడిలో నున్నది. అత్తగారు ఆమెకు చేతులెత్తి నమస్కరించిరి. "మన బరువు కూడ ఆమెను లాగుచున్నది గదా" యని నాతో మెల్లగా ననిరి.

2004లో రోప్‌కారు కూడ వచ్చినది. మరమ్మతులకై వీనిని అప్పుడప్పుడు ఆపుదురు. వృద్ధులను వెంటబెట్టుకొని పోవు సోదరీమణులు ముందుగా విచారించుకొని బయలుదేరవలెను. తైపూసము, పంగుని ఉత్తిరము దినములలో జనసమ్మర్దము మెండు.