పదకొండు పేజీల జవాబు

హాజరుపట్టీలో నా పేరు ఎదురుగా ఎర్రసిరాతో ఆబ్సెంటు వేసి ఉంది. హిందూపురంలో ప్యాసింజరు ఆలస్యంగా కదిలింది. పెనుకొండలో దిగి ఆఫీసు చేరేసరికి పదకొండు దాటింది. ఆ ఎర్ర అక్షరం మీదనే నీలం పెన్నుతో, కాగితం చిరిగేంత గట్టిగా సంతకం గీకినాను. సార్ పిలిచి అడిగితే రిజిస్టరు ఆయన టేబుల్ మీదికి విసిరేసి ఇంటికొచ్చినాను. ఇరవై రోజులు మళ్ళీ పోలేదు. లీవ్ లెటరూ పెట్టలేదు.

ఆయనకూ నాకూ ఏడాదిగా పడదు. ఎందుకో ఇప్పుడు చెప్పాలంటే నాకే చిన్నతనంగా ఉంటుంది.

సస్పెన్షన్ వచ్చింది, వెనకనే ఛార్జి మెమో. అభియోగాలు మూడు: రిజిస్టరు దిద్దడం, పై అధికారితో దురుసుతనం, అనుమతి లేని గైర్హాజరు. పది రోజుల్లో జవాబివ్వమన్నారు. మూడు రాత్రులు కూర్చుని పదకొండు పేజీలు రాసినాను. ఆయన జీపు డీజిలు లెక్కలు, పోని ఊర్లకు రాసుకున్న క్యాంపులు, అన్నీ తేదీలతో సహా. రాస్తావుంటే కడుపు చల్లబడింది. మా ఆవిడకు చదివి వినిపిస్తే, "బాగుంది గానీ, ఆ సంతకం సంగతేం రాసినావు?" అనింది. అది చిన్న విషయంలే అన్నాను.

విచారణ నోటీసులు వచ్చినాయి. అంతా ఆయన మనుషులే అని రిజిస్టర్డు కవర్లు రెండుసార్లు తిప్పి పంపినాను. మూడోసారి మైదా గంజితో తలుపుకు అంటించి, పక్కింటాయనతో సాక్షి సంతకం తీసుకుని పోయినారు. మా ఆవిడ తడిగుడ్డతో నానబెట్టి గీకింది. ఒక మూల ఊడలేదు. 'హాజరు కానిచో ఏకపక్షముగా' అన్న ముక్క చానా రోజులు తలుపు మీదనే ఉండిపోయింది. తర్వాత విచారణ నివేదిక నకలొచ్చింది, దానికీ జవాబియ్యలేదు. ఆఖరికి డిస్మిస్ ఆర్డరు వచ్చింది.

ధర్మవరంలో మాకు చిన్నాయన వరసాయన ఉన్నాడు, సూపరింటెండెంటుగా రిటైరైనాడు. ఆ ఇంట్లో మగ్గం చప్పుడు ఆగదు. ఆ చప్పుడులోనే పదకొండు పేజీలూ చదివి కళ్ళద్దాలు తీసినాడు.

"ఇది మీ సార్ మీద పిటీషనప్పా. మెమోకు జవాబు యాడుంది?"

నేను తీర్పులు పట్టుకుని పోయినాను. మనకు దగ్గర్లోనే కోలారు బంగారు గనుల్లో పాల్ ఆంథోనీ అని సెక్యూరిటీ ఆఫీసరు. 1986లో ఏకపక్ష విచారణతో తీసేస్తే, 1999లో సుప్రీంకోర్టు తిరిగి తీసుకోమంది. "ఆయనకు సస్పెన్షన్లో జీవనభృతి ఇయ్యలేదు, చేతిలో డబ్బుల్లేక విచారణకు పోలేకపోయినాడు. నీకు నెలనెలా పడింది కదా?" అన్నాడు చిన్నాయన. హైదరాబాదు ఈసీఐఎల్ కేసు తీసినాను. శిక్ష వేసేముందు విచారణ నివేదిక ఉద్యోగికి ఇయ్యాలని 1993లో చెప్పిన తీర్పది. "నీకు ఇచ్చినారు. నువ్వు బీరువాలో పెట్టుకున్నావు." పోనీ రాజ్యాంగం 311వ అధికరణం? "విచారణ లేకుండా తీసేయొద్దంటుంది. విచారణ పెట్టినారు, పోనిది నువ్వు."

వాళ్ళు పోరాడి తెచ్చినవన్నీ నాకు అడక్కుండానే వచ్చినాయి. నేనే వద్దన్నాను.

అప్పీలు రెండే పేజీలు రాయించినాడు. 'ఎర్రసిరా మీద సంతకం చేసింది నేనే' అన్నది మొదటి వాక్యం. అంతవరకూ ఆ మాట ఎవరితోనూ అనలేదు, అన్నీ కక్షసాధింపులనే చెప్పుకున్నాను. ఆ నాలుగు మాటలకు ఒక పూట పట్టింది. తర్వాత పద్నాలుగేళ్ళ సర్వీసులో ఇంకే శిక్షా లేదని, ఈ తప్పుకు ఉద్యోగమే తీసేయడం ఎక్కువని. డీజిలు ఒక లైనన్నా పెడదామంటే ఒప్పుకోలేదు.

డిస్మిస్ రద్దయింది. రెండు ఇంక్రిమెంట్లు శాశ్వతంగా పోయినాయి, బయట ఉన్న కాలం సర్వీసులో కలవలేదు. అప్పటికి ఇంకా మాది అనంతపురం జిల్లానే, ఆ చివర ఎక్కడో పోస్టింగు ఇచ్చినారు.

డీజిలు సంగతి మాత్రం నిజం. దాన్ని వేరే కాగితం మీద, పై ఆఫీసుకు, తపాల్ నంబరు వేయించి ఇచ్చుంటే ఎవరో ఒకరు అడిగేవాళ్ళేమో. నా పదకొండు పేజీలూ 'అభియోగములకు సంబంధం లేనివి' అన్న ఒక్క లైనుతో ఫైల్లోకి పోయినాయి. సార్ పూలదండలతో రిటైరైనాడు.