ఎండ కాస్తుండగా వచ్చిన వరద

2009 అక్టోబరు మొదట్లో మా ఊళ్ళో చినుకు లేదు. ఎండ చుర్రుమంటోంది. ఆ ఏడు వానలు లేక కాలవకి నీళ్ళు ఆలస్యంగా వదిలారు, నాట్లూ ఆలస్యంగానే పడ్డాయి. అయినా చేను పచ్చగా ఉంది. మేం వేసింది బీపీటీ 5204, అందరూ సాంబ మసూరి అనే రకం. బాపట్లలో పుట్టిన వంగడం కాబట్టి మావైపు దాన్ని ఇంటిపిల్లలా చూసుకుంటారు.

కర్నూలు మునిగిందని టీవీలో చూసి అయ్యో అనుకున్నాం. అక్కడి వాన మా మీదకి వస్తుందన్న ఊహ నాకు లేదు. శ్రీశైలం గేట్లు, సాగర్ గేట్లు ఎత్తేశారు. 5వ తేదీకల్లా ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మాది రేపల్లె దగ్గర, కృష్ణ కరకట్ట కింద ఊరు. మగవాళ్ళంతా ఇసక బస్తాలు మోస్తూ కట్ట మీదే ఉన్నారు. ఓలేరు దగ్గర కట్ట తెగిందని కబురొచ్చాక ఇంకెవరూ బస్తా ఎత్తలేదు. పిల్లల్నీ అత్తయ్యనీ ట్రాక్టరెక్కించి, బియ్యం మూట పట్టుకుని రేపల్లె చేరాం. గేదెల పలుపులు కోసి వదిలేశాం. రెండూ మళ్ళీ కనపడలేదు.

రేపల్లెలో ఒక బడిలో దింపారు. ఒక్కో గదిలో ఐదారు కుటుంబాలు. పొట్లాలొచ్చేవి, మంచినీళ్ళ ప్యాకెట్లు వచ్చేవి. ఎవరికీ ఆకలి లేదు, చేసే పనీ లేదు. ఆ ఖాళీ నన్ను వరదకంటే ఎక్కువ భయపెట్టింది. అత్తయ్య మాత్రం మొదటి పొద్దునే బడి వెనక మూడు ఇటుకలు పెట్టి పొయ్యి చేసింది. "పొట్లాలొస్తాయిగా అత్తయ్యా" అన్నాను. "పసిపిల్లలకి పొట్లాం అన్నం పెడతావా? లేచి బియ్యంలో రాళ్ళేరు అమ్మాయ్" అంది. ఏరాను. ఏరుతున్నంతసేపూ చేను గుర్తురాలేదు.

అత్తయ్య పుట్టిల్లు బాపట్ల అవతల, సముద్రం వైపు. 1977 నవంబరు 19న తుఫాను వచ్చినప్పుడు పుట్టింట్లోనే ఉంది. దివిసీమని ముంచెత్తిన ఉప్పెన సంగతి అందరికీ తెలుసు. ఆ రాత్రి బాపట్ల వైపు గాలికే ఎన్నో ఇళ్ళు కూలాయి. గోడ మీద పడి వాళ్ళమ్మ పోయింది. ఇన్నేళ్ళలో అత్తయ్య ఆ సంగతి నాకు వివరంగా చెప్పింది ఆ బడిలోనే, పొయ్యి ఊదుతూ. ఓదార్చడానికి చెప్పలేదు. "మర్నాడు పొద్దున్నే బావిలో పడ్డ ఆకూ అలమూ తీశాం. తాగడానికి నీళ్ళు కావాలిగా" అని మాత్రం అంది.

నీరు తీశాక ఇంటికెళ్ళాం. మట్టిగోడ ఒకటి కూలింది. మిగిలిన ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు. బీరువాలో బట్టలు, పిల్లల పుస్తకాలు, పట్టాదారు పాసుపుస్తకం ఒకే ముద్ద. ఆవకాయ జాడీ పగల్లేదుగానీ లోపలంతా బురద. చేను నల్లగా కుళ్ళి, ఊరంతా ఒకటే కంపు. ఆ ఒండ్రులో దేనిమీద కాలు పడుతుందో తెలియదు, పాములు చాలా కనిపించాయి.

17న దీపావళి. ఎవరికి గుర్తుంటుంది? అత్తయ్యకి గుర్తుంది. అప్పటికి వంటింట్లో ఒక మూల మాత్రమే, చాపంత చోటు, కడిగి శుభ్రం చేశాం. అక్కడ రెండు ప్రమిదలు పెట్టింది. ఆ చాపంత చోటు చూసి నాకు సంతోషమేసింది. ఇల్లు పోయినదానికి సంతోషమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ అది నిజమైన సంతోషమే. రేపు మరో చాపంత కడగాలి అనుకుంటే నిద్రపట్టింది.

మా ఆయనకి పట్టలేదు. అసలు కష్టం అక్కడ మొదలైంది. పొద్దున్నే కట్ట ఎక్కి చేను వైపు చూస్తూ కూర్చునేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. విత్తనానికీ ఎరువుకీ తెచ్చిన అప్పు అలాగే ఉంది. వడ్డీకిచ్చినతను ఇంటికొచ్చి అడిగాడు, చుట్టుపక్కలవాళ్ళ ముందే. ఆ రాత్రి పురుగుమందు డబ్బాలు రెండూ తీసుకెళ్ళి దూరంగా పాతిపెట్టాను. "అంతా మన మంచికే" అని ధైర్యం చెప్పడానికి వచ్చినవాళ్ళంటే నాకు ఇప్పటికీ కోపం. ఆ మాట పోగొట్టుకున్నవాడి గుండెమీద ఇంకో రాయి.

పిల్లల్ని తెనాలిలో మా చెల్లెలింట్లో పెట్టి బళ్ళో చేర్చాను. నేనూ అక్కడే నిమ్మకాయల మార్కెట్లో పనికి కుదిరాను. పెద్దకాయ, చిన్నకాయ, పండుకాయ వేరుచేసి సంచులకెత్తడం. చేతివేళ్ళ పగుళ్ళలో నిమ్మరసం దిగితే ప్రాణం పోయేది. అయినా సాయంత్రానికి కుప్ప తరిగి, సంచులు వరసగా నిలబడితే మనసుకి నిండుగా ఉండేది. ఆదివారం ఆదివారం రేపల్లె రైలెక్కి ఆయన్ని చూసి వచ్చేదాన్ని.

ఊళ్ళో ఆయన్ని చూసుకున్నది అత్తయ్యే. రోజూ ఒక్క పని చెప్పేదట. ఇవాళ తలుపు కడుగు. ఇవాళ పలుగుకి కర్ర వెయ్యి. చేసినా చేయకపోయినా తిట్టేది కాదు. మర్నాడు ఇంకోటి చెప్పేది. కార్తికంలో ఆయన్ని వెంటబెట్టుకుని బాపట్ల దగ్గర జిల్లెళ్ళమూడి వెళ్ళింది. అక్కడ అమ్మగా అందరూ కొలిచే అనసూయాదేవి 1958 ఆగస్టు 15న అన్నపూర్ణాలయం ప్రారంభించారు. ఎవరొచ్చినా, ఎవరివని అడక్కుండా అన్నం పెడతారు. అమ్మ 1985లో పోయినా పంక్తులు ఆగలేదు. భోజనానికి కూర్చుంటే, వడ్డించే పెద్దాయన చేతిలో సాంబారు బకెట్టు బరువుగా ఉందని ఈయన లేచి అందుకున్నాడట. ఆ పంక్తంతా తనే వడ్డించాడట. ఎవరూ అడగలేదు. అత్తయ్య చెబుతుంటే నాకు కళ్ళనీళ్ళాగలేదు.

ఆ రోజుతో మనిషి మారిపోయాడని చెప్పను. ఎన్నో రాత్రులు మళ్ళీ లేచి కూర్చున్నాడు. కానీ ఊళ్ళో అందరితోపాటు ఒండ్రు ఎండాక మొక్కజొన్న పెట్టాడు. కంకి బాగా పట్టింది. అప్పు తీరడానికి మాత్రం ఏళ్ళు పట్టింది, నా చెవులవి కూడా అందులోనే పోయాయి. అత్తయ్య ఆ అప్పు తీరకముందే కాలం చేసింది. చివరిదాకా బియ్యం తనే ఏరుకుంది.

2022లో మా రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. కాయితాల్లో మారిందంతే. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల 40 వేల క్యూసెక్కులు దాటింది. 2009ని మించిన వరద. రాత్రంతా కట్ట మీద టార్చిలైట్లు, ఇసక బస్తాలు. ఈసారి ఆయనతోపాటు మా అబ్బాయీ మోశాడు. నాకు చేతులు వణికాయి, దాచను. వణుకుతూనే మా వీధి ఆడవాళ్ళం కలిసి గుండిగతో పులిహోర కలిపి కట్ట మీదకి పంపాం. బస్తాలకి సంచులు చాలడం లేదంటే ఇంట్లో ఉన్న యూరియా గోతాలన్నీ దులిపి ఇచ్చాం. మా దగ్గర కట్ట నిలిచింది. తెల్లవారాక ఖాళీ గుండిగ వెనక్కొస్తే, అందులోనే ఎసరు పెట్టాను. లంకల్లోంచి పడవల మీద వచ్చినవాళ్ళు ఇంకా తినలేదు.